8 ఏళ్ళు వయొలిన్ నేర్చుకున్నా జామ్‌లో చేతులు ఆడటం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: 8 ఏళ్ళుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. వర్ణాలు, ఓ 40 కృతులు వచ్చు. ఆఫీసు స్నేహితులు ఆదివారం సాయంత్రాలు ఒకరి ఇంటి మేడ మీద గిటార్, కీబోర్డ్, కహోన్ (చేత్తో కొట్టే పెట్టె డ్రమ్) పెట్టుకుని జామ్ చేస్తారు, అంటే ముందుగా ఏమీ అనుకోకుండా కలిసి వాయిస్తారు. రెండుసార్లు వెళ్ళాను. "నువ్వూ ఏదో ఒకటి అందుకో" అనగానే బిగుసుకుపోతున్నాను. పాఠంలో లేని స్వరం ఒక్కటీ రావడం లేదు. ముందు కార్డ్స్, థియరీ అన్నీ నేర్చుకుని ఓ ఏడాది తర్వాత వెళ్ళాలా, ఇలాగే వెళ్తూ ఉండాలా?

సమాధానం:

వెళ్తూనే ఉండండి. ఏడాది ఆగితే, ఏడాది తర్వాత మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు. కాకపోతే అప్పటికి కార్డ్స్ పేర్లు తెలిసి ఉంటాయి.

నేను హార్మోనియం మనిషిని, తర్వాత కీబోర్డ్‌కి మారాను. నా మొదటి జామ్ కోనసీమలో మా ఊరి రామాలయంలో శనివారం భజన. అప్పుడు దాన్ని జామ్ అంటారని తెలియదనుకోండి. నాకు 15 ఏళ్ళు. అక్కడ పాడే పెద్దలకి శ్రుతి అంటే ఆ పూట గొంతు ఎలా ఉంటే అలా. ఒకాయన ఒకటిన్నర శ్రుతిలో ఎత్తుకుంటే, ఇంకొకాయన నాలుగులో ఎత్తుకునేవాడు. ఆడవాళ్ళు అందుకున్నారంటే అయిదున్నర. ముందుగా చెప్పడం అనేది లేదు. పల్లవి మొదటి పాదం పూర్తయ్యేలోపు సా ఎక్కడుందో హార్మోనియం మెట్ల మీద వెతికి పట్టుకోవాలి. తప్పు మెట్టు నొక్కితే తాళాలు వేసే తాత ఓరగా ఒక చూపు చూసేవాడు. మూడు నెలలు నేను చేసింది సా, పా పట్టుకుని కూర్చోవడమే.

కానీ భజనలో ఒక సౌకర్యం ఉంది. ముందు ఒకరు పాదం అంటారు, గోష్ఠి అంతా తిరిగి అంటుంది. ఒకే పాదం 10 సార్లు వస్తుంది. మొదటిసారి దిక్కు తెలియకపోయినా నాలుగోసారికి చేయి పడుతుంది. ఏడోసారికి పాదం చివర మిగిలే ఖాళీలో చిన్న బిట్టు వేయాలనిపిస్తుంది. అలా నేను వేసిన మొదటి బిట్టు మూడు స్వరాలది, ఎవరూ నేర్పింది కాదు. మీరు వెళ్ళే మేడ మీద కూడా జరిగేది ఇదే. నాలుగు కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు, చుట్టూ తిరుగుతూ ఉంటాయి, మీకు చేయి పడేదాకా తిరుగుతూనే ఉంటాయి. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు మనల్ని అలా మోసేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే వెళ్ళమంటున్నాను.

తప్పు స్వరం అంటే మీకున్న భయం గురించి ఒక రాత్రి సంగతి చెప్పాలి. ఊళ్ళో తీర్థానికి పద్యనాటకం వేస్తున్నారు. హార్మోనిస్టుకి జ్వరం వచ్చిందని నన్ను కూర్చోబెట్టారు. పద్యానికి తాళం కట్టు ఉండదు. పద్యం చివర నటుడు రాగం తీస్తాడు, ఎంతసేపు తీస్తాడో ఆయనకే తెలియదు. జనం వన్స్‌మోర్ అన్నారంటే అదే పద్యం మళ్ళీ మొదలు, ఈసారి రాగం వేరే దారిలో. హార్మోనియం ఆయన వెనక అరడుగు దూరంలో నడవాలి. ఆయన ఊపిరి తీసుకునే చోట ముందుకొచ్చి ఆయన ఆఖరి స్వరాల మలుపుని తిప్పి ఇవ్వాలి. నేను కంగారులో మోహన రాగం పద్యంలో నిషాదం (ని) నొక్కాను. మోహనలో నిషాదం లేదని మీకు తెలుసు. ఆ మహానుభావుడు ఆగలేదు. నేను నొక్కిన నిషాదాన్నే అందుకుని, కల్యాణిలోకి ఒక చుట్టు వెళ్ళి, తాపీగా మోహనలోకి దిగాడు. చప్పట్లు, ఈలలు. తెర వెనక్కి వచ్చాక మాత్రం "ఏరా, నిన్ను కల్యాణి అడిగానా?" అని చెవి మెలేశాడు.

చెవి నొప్పి పోయింది గానీ అప్పుడు తెలిసిన సంగతి మాత్రం పోలేదు. ఒక స్వరం తప్పా ఒప్పా అనేది దాని తర్వాత వచ్చే స్వరం తేలుస్తుంది. మీరు తప్పు చోట పడగానే విల్లు ఎత్తేస్తున్నారు, అందుకే అది తప్పుగా మిగిలిపోతోంది. పక్క స్వరానికి జారండి. జామ్‌లో వాయించే స్కేల్‌లో (పాట స్వరాల వరసలో) లేని స్వరానికి అరమెట్టు దూరంలోనే స్కేల్‌లో ఉన్న స్వరం ఒకటి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.

ఇక ఈ ఆదివారం ఏం చేయాలి? వాళ్ళకి ముందే చెప్పండి, "మొదటి రెండు పాటలకి నేను శ్రుతి మాత్రమే ఇస్తాను" అని. నిజంగానే ఒకే స్వరం, పొడుగు విల్లుతో. తంబూరా పని వయొలిన్‌తో చేయడం చిన్నతనం ఏమీ కాదు, వాళ్ళకి అది చాలా బాగుంటుంది కూడా. మీకు అందులో పెద్ద పాఠం ఉంది. గిటార్ సి, జి, ఎ మైనర్, ఎఫ్ అని తిరుగుతోందనుకుందాం. మీరు సి అనే సా పట్టుకుని ఉన్నారు. సి దగ్గర మీ సా సొంత ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది. జి రాగానే, మీరేమీ మార్చకపోయినా, అదే సా గుచ్చుకుంటుంది. ఎ మైనర్‌లో దానికి కాస్త దిగులు వస్తుంది, ఎఫ్‌లో తేలికపడుతుంది. ఈ నాలుగు రుచులూ చెవికి అలవాటైతే కార్డ్ ఏదో గిటారిస్టు వేళ్ళు చూడకుండానే తెలుస్తుంది.

కార్డ్స్ అంటే మీకు భయం ఉన్నట్టుంది. అవి మీకు తెలిసిన స్వరాలే, గుత్తులుగా వస్తాయి, అంతే. సి సా అనుకుంటే సి కార్డ్ అంటే స గ ప. ఎఫ్ అంటే మ ద స. జి అంటే ప ని రి. ఎ మైనర్ అంటే ద స గ. అన్నీ శంకరాభరణం స్వరాలే. ఈ నాలుగు గుత్తులూ ఒక చీటీ మీద స్వరాల్లోనే రాసుకోండి. కార్డ్ మారినప్పుడు ఆ గుత్తిలోని ఏదో ఒక స్వరం మీద ఉంటే చాలు, మధ్యలో ఎలా తిరిగినా నప్పుతుంది. నేను ఈ చీటీ జేబులో పెట్టుకుని ఏడాది తిరిగాను.

స్వరం కంటే ముందు చూసుకోవాల్సింది తాళం. స్వరం పోతే పక్కవాడు సర్దుకుంటాడు, తాళం పోతే అందరూ ఆగిపోవాలి. ఇక్కడ మాత్రం మీరు వాళ్ళకంటే ముందున్నారు, ఆ సంగతి మీకు తెలియడం లేదు. ఉదాహరణకి బ్లూస్ అనే పాశ్చాత్య శైలి జామ్‌లో 12 బార్ల చుట్టు ఉంటుంది. బార్‌కి 4 దెబ్బలు, మొత్తం 48. గిటారిస్టులు దీన్ని ఒకటి, నాలుగు, అయిదు (మన సా, మా, పా) అనే కార్డ్ నంబర్లతో బట్టీ పడతారు. మీరు ఆదితాళం వేయండి, ఒక ఆవర్తనం అంటే 8 దెబ్బల చుట్టు. 48 అంటే సరిగ్గా 6 ఆవర్తనాలు. మొదటి 2 ఆవర్తనాలు సా కార్డ్. మూడోది మా కార్డ్. నాలుగోది మళ్ళీ సా. అయిదో ఆవర్తనంలో సగం పా కార్డ్, సగం మా కార్డ్. ఆరోది సా, అక్కడితో చుట్టు పూర్తి. ఈ అయిదో ఆవర్తనం ఒక్కటి గుర్తుంటే మీరు ఎక్కడా దారి తప్పరు. చివరి ఆవర్తనం రెండో సగంలో కొందరు మళ్ళీ పా కార్డ్ కొడతారు, మళ్ళీ మొదటికి రమ్మని పిలవడం అది. మొదటిసారి విని బెదిరిపోకండి.

శ్రుతి గోల ఇంకొకటి. మీ వయొలిన్ ఏ శ్రుతిలో ఉందో రాయలేదు. రెండు శ్రుతి అనుకుందాం, అంటే డి. గిటారిస్టు "ఎ మైనర్" అంటాడు. చాలామంది కర్ణాటక వాళ్ళు ఇక్కడే తీగలు బిగించడం మొదలుపెడతారు. పాటకోసారి బిగిస్తే తీగ తెగుతుంది, లేదా అందరూ మీకోసం ఎదురుచూస్తూ ఫోన్లు తీస్తారు. తీగలు ముట్టుకోకండి. ఎ మైనర్‌లో సోలోకి ఎ, సి, డి, ఇ, జి అనే 5 స్వరాలు చాలు. మీ రెండు శ్రుతిలో అవి ప, ని, స, రి, మ. వరస సరిచేయండి: స రి మ ప ని. కచేరీ చివర వినిపించే మధ్యమావతి! నిలబడే చోటు మాత్రం పా. పా మీద ఆగుతూ మధ్యమావతి వాయించండి. మన చెవికి శుద్ధ ధన్యాసిలా వినిపిస్తుంది, గిటారిస్టు దాన్నే మైనర్ పెంటటోనిక్ అంటాడు. ఇలా నిలబడే చోటు మారి రాగం మారడాన్ని మన శాస్త్రంలో గ్రహభేదం అంటారు. ఈ సంగతి తెలిసిన రోజు నేను పక్కింటివాళ్ళని లేపి మరీ చెప్పాను.

అదే లెక్కన ఇ మైనర్ అంటే మీ చేతిలో శుద్ధ సావేరి, రి మీద ఆగాలి. బి మైనర్ అంటే మోహన, ద మీద ఆగాలి. జి మైనర్ అంటే హిందోళం, మ మీద. డి మైనర్ అయితే ఉన్నచోటే శుద్ధ ధన్యాసి. మీకు వచ్చిన 5 రాగాలతో 5 స్కేళ్ళు అయిపోయాయి. ఎఫ్ షార్ప్ లాంటిది ఎవరైనా అడిగితే ఆ పాటకి వాళ్ళకి టీ పెట్టి ఇవ్వండి.

గమకం, అంటే స్వరాన్ని ఊపడం, గురించి కొంచెం జాగ్రత్త. తోడి రాగంలో గాంధారాన్ని (గ) ఊపినట్టు ప్రతి స్వరాన్నీ ఊపితే కింద గిటార్ కార్డ్‌తో గొడవ పడుతుంది, ఎందుకంటే కార్డ్ స్వరం కదలదు. కార్డ్ మారే దెబ్బ మీద స్వరాన్ని తిన్నగా పట్టండి, ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి నడిచే దారిలో జారు, కంపితం, ఏ గమకమైనా వాడండి. వయొలిన్ అందం అంతా ఆ దారిలోనే వినిపిస్తుంది. మా వైపు పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ పక్కన రిమెంబర్ శక్తి అనే బృందంలో వాయించిన రికార్డింగులు దొరికితే వినండి. వేగం చూసి డీలా పడొద్దు. ఒకరు వాయిస్తున్నప్పుడు మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో అదొక్కటే గమనిస్తూ ఒకసారి వినండి. అన్నట్టు మెక్‌లాఫ్లిన్ ఊరికే వచ్చి మనవాళ్ళ మధ్య కూర్చోలేదు, అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు.

మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో నేను అసలు గమనించని రోజు కూడా ఒకటుంది. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక మొదటిసారి కుర్రాళ్ళ జామ్‌కి వెళ్ళాను. భజనల్లో, నాటకాల్లో నలిగినవాణ్ణి కదా, చేయి బాగానే ఆడింది. ఆడుతోంది కదా అని ఆపలేదు. కళ్ళు మూసుకుని మూడు నిమిషాలో, నాలుగో. కళ్ళు తెరిచేసరికి గిటార్ గోడకి ఆనించి ఉంది, గిటారిస్టు కింద టీకొట్టు దగ్గర ఉన్నాడు. కహోన్ కుర్రాడు మర్యాద కోసం కొడుతున్నాడు. "అన్నా, మాకెక్కడా సందు ఇవ్వలేదు నువ్వు" అన్నాడు. నటుడి ఊపిరి కోసం ఎదురుచూసిన చేయి, నటుడు లేకపోయేసరికి పద్ధతి మరిచిపోయింది. అందుకే మీలా బిగుసుకుపోయి ఊరుకోవడం నాకు పెద్ద లోపంగా కనిపించదు. ఊరుకున్నవాడి వల్ల పాటకి నష్టం లేదు. మీ వంతు వచ్చినప్పుడు రెండు ఆవర్తనాలు వాయించండి, ఒకటి వదిలేయండి. వదిలేసిన ఆవర్తనంలో కీబోర్డ్ వాళ్ళు ఏదో ఒకటి అంటారు. మళ్ళీ అందుకునేటప్పుడు వాళ్ళ ఆఖరి రెండు స్వరాలతో మొదలుపెట్టండి. ఏం వాయించాలి అనే ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంట్లో చేయాల్సిన సాధన కూడా చెప్తాను, కానీ రోజుకి 20 నిమిషాలకి మించి వద్దు. ఆదితాళంలో మీకు నిద్రలో కూడా వచ్చే పల్లవి ఒకటి తీసుకోండి. పల్లవి ఒక ఆవర్తనం వాయించి, తర్వాతి ఆవర్తనంలో మొదటి సగం ఊరుకుని, రెండో సగంలో 4 అక్షరాలకి (దెబ్బలకి) మాత్రం సొంత స్వరాలు వేసి ఎడుపుకి, అంటే పల్లవి మొదలయ్యే చోటుకి, సరిగ్గా వచ్చి పడాలి. స్వరాలు కూడా స, రి, గ మూడే. మూడు స్వరాలతో ఏం వస్తుందని విసుగొస్తుంది. ఆ విసుగులోంచే నడక మార్చడం వస్తుంది: రెండేసి, మూడేసి, ఒకటి ఆపి ఒకటి. వారం తర్వాత 8 అక్షరాలు, మూడో వారం 16. మీ గురువుగారు కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) మొదలుపెట్టి ఉంటే ఇది కొత్త కాదు. మొదలుపెట్టకపోతే అడగండి. "ఇంకా టైముంది" అంటే రెండోసారి అడగండి. 8 ఏళ్ళు తక్కువేమీ కాదు.

కచేరీలో తాళవాద్యాల వంతైన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులు తగ్గించుకుంటూ వస్తాయి చూడండి, 2 ఆవర్తనాలు, 1, అర, పావు. అదే ఆట కహోన్ కుర్రాడితో ఆడండి. అతను కొట్టిన నడకని మీరు ఒకే స్వరం మీద విల్లుతో తిప్పి చెప్పాలి. నవ్వులాటగా మొదలవుతుంది, పది నిమిషాల్లో ఇద్దరికీ చెమట పడుతుంది. జాజ్ వాళ్ళు కూడా డ్రమ్మర్‌తో 4 బార్ల చొప్పున ఇలాగే మార్చుకుంటారు.

ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఆ రాత్రే వినొద్దు, ఆ రాత్రి మీ తప్పులే వినిపిస్తాయి. బుధవారం వినండి. మీరు సిగ్గుపడిన చోటు ఏదో మీకే దొరకదు, బాగుందని మీరు గమనించనే లేని రెండు ముక్కలు దొరుకుతాయి. ఆ రెండూ ఇంట్లో వాయించి చూసుకోండి. వచ్చే ఆదివారానికి మీ చేతిలో సొంత సరుకు కొంచెం ఉంటుంది. సోలో అంటే అప్పటికప్పుడు ఆకాశంలోంచి ఊడిపడుతుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. చాలావరకు ఇలా పోగేసుకున్న ముక్కలనే ఆ పూటకి తగ్గట్టు అతుకుతాం.

అవమానం అవుతుందన్న భయం కూడా ఉండి ఉంటుంది కాబట్టి ఇది చెప్తున్నాను. జాజ్‌లో సాక్సోఫోన్ అంటే మొదట చెప్పే పేరు చార్లీ పార్కర్. 1936లో కాన్సస్ సిటీలోని రీనో క్లబ్ జామ్‌లో ఆ కుర్రాడు దారి తప్పితే, డ్రమ్మర్ జో జోన్స్ తాళపు పళ్ళెం (సింబల్) ఒకటి తీసి అతని కాళ్ళ దగ్గరికి విసిరాడని ప్రసిద్ధమైన కథ ఉంది. అతను వెళ్ళిపోయి, తర్వాతి వేసవిలో కొండల్లోని ఒక రిసార్ట్‌లో వాయిస్తూ, సాక్సోఫోన్ వాయించే లెస్టర్ యంగ్ రికార్డులు అరగదీసి తిరిగొచ్చాడు. ఈ కథ చెప్పేవాళ్ళంతా ఇంట్లో సాధన చేయమని చెప్పడానికే చెప్తారు. నాకు మాత్రం అందులో పళ్ళెం ముఖ్యం. ఆ పళ్ళెం పడకపోతే ఆ వేసవిలో ఏం సాధన చేయాలో అతనికి తెలిసేది కాదు. మీరు రెండుసార్లు వెళ్ళారు కాబట్టే ఎక్కడ బిగుసుకుపోతున్నారో ఈరోజు చెప్పగలుగుతున్నారు.

అయితే ప్రతి జామ్ మంచిది కాదు, అదీ చెప్పాలి. నలుగురైదుగురు ఉన్నది చూసుకోండి. పదిమంది ఉంటే వయొలిన్ వినపడదు, మీరు విల్లు గట్టిగా నొక్కుతారు, శ్రుతి పోతుంది. ఒక్కడే సాయంత్రమంతా సోలో వాయించి మిగతావాళ్ళని కార్డ్స్ కొట్టమనే చోటు అయితే మూడో వారానికి మానేయండి. మీ వాళ్ళు "నువ్వూ అందుకో" అని పిలుస్తున్నారు కాబట్టి మంచివాళ్ళే అనిపిస్తోంది. కహోన్‌కి మరీ దగ్గరగా కూర్చోకండి, మీ విల్లు మీకే వినపడదు. గిటారిస్టుకి ఎదురుగా కూర్చోండి, కార్డ్ మారేముందు అతని భుజం కదులుతుంది, పాట ముగించేముందు కళ్ళెత్తి చూస్తాడు.

స్పేర్ తీగ ఒకటి, విల్లుకి రాసే రోజిన్ ముక్క, ఆ నాలుగు గుత్తుల చీటీ తీసుకెళ్ళండి. కృతుల పుస్తకం ఇంట్లోనే ఉంచండి. మొదటి రెండు పాటలకి ఆ పాట సా పట్టుకోండి, మూడో పాట ఎ మైనర్‌లో అయితే మధ్యమావతి. పా మీద ఆగడం మర్చిపోకండి.